రెండు దుంపలు ఎక్కువ

ఆ ఎండాకాలం మొదట్లో మా క్వార్టర్సులో ముగ్గురం ఉండేవాళ్లం: నేను, మా బావమరిది, వాడి భార్య. తొలి వాన పడేనాటికి నేనొక్కణ్ణే మిగిలాను. మధ్యలో నేను చేసిందల్లా ఒక పందికి తిండి పెట్టడం.

క్వార్టర్సంటే రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింటి తలుపు తీస్తే గడ్డి. మనిషి తల మునిగేంత ఎత్తున, చూపు ఆనినంత దూరం గడ్డి. అందులో ఉండేవి గడ్డిపందులు. పందంటే మీరు అనుకునేది కాదు. మోకాలి కిందికే వస్తుంది. మట్టిరంగు ఒళ్లు, ఉందా లేదా అన్నట్టుండే తోక. ఒకప్పుడు మందలుగా తిరిగేవట. మేం వెళ్లేసరికి ఎన్ని మిగిలాయో గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. అది తేల్చడమే మా ఉద్యోగం. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. మంచె మీద కూర్చుని చూస్తాను, చూసింది పుస్తకంలో రాస్తాను, గూళ్లు ఎక్కడున్నాయో పటం గీస్తాను. మా బావమరిది గడ్డిలో పడి జాడ వెతుకుతాడు. పెంట చూసి ఏ పూటదో చెప్పేవాడు. అడుగు చూసి ఆడో మగో చెప్పేవాడు. గాలికి ఎదురుగా నిలబడి ఒక్కసారి పీల్చి, "అటు" అనేవాడు. ఆఫీసులో అందరూ వాణ్ణి ముక్కు అనే పిలిచేవారు. ఆ విద్య వాళ్ల నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన పందుల్ని పట్టేవాడు. మీసాలు వచ్చేదాకా వాడూ పట్టాడు.

మా ఆఫీసరు చొక్కా మీద మండుటెండలో కూడా ముడత కనపడేది కాదు. మాలో మేం ఆయన్ని ఇస్త్రీ సారు అనుకునేవాళ్లం. ఎండలు ముదరకముందే ఒకరోజు మా అందర్నీ వరండాలో నిలబెట్టి ఆయన సంగతి చెప్పాడు.

"చూడండి మాస్టారూ, వానలు పడేలోపు ఆ గడ్డిలో పిల్లలున్న తల్లి పందిని ఒక్కదాన్ని చూపించండి. ఎవరి సాయం లేకుండా దానంతటది బతుకుతోందని, దానంతటది ఈనిందని మీ పుస్తకంలో ఉండాలి. అప్పుడు గడ్డి ఉంటుంది. లేదంటే దున్నేసి మొక్కలు పెడతారు. పైన కాగితం సిద్ధంగా ఉంది, సంతకమే తక్కువ."

"దున్నేస్తే లోపలున్నవి ఏమైపోతాయి సార్?" అన్నాడు మా బావమరిది.

ఆఫీసరు వాణ్ణి పైనుంచి కిందకి చూశాడు. "నువ్వా అడుగుతున్నావు? ముందు నీ పొట్టలోకి ఎన్ని పోయాయో ఆ లెక్క చెప్పవోయ్. అదీ కలిపి రాసుకుంటారు మాస్టారు."

వరండా అంతా నవ్వింది. జీపు డ్రైవరు చేత్తో గోడ కొట్టి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. పైవాళ్లు నవ్వినప్పుడు నవ్వకుండా ఉండటం నాకెప్పుడూ చేతకాలేదు. మా బావమరిది కూడా నవ్వాడు, కాకపోతే నేలకేసి చూస్తూ.

*

మూడు వారాలు వెతికాడు వాడు. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేవాడు. గడ్డి ఆకులు కోసి చేతులు, చెంపలు సన్నటి ఎర్రగీతలతో నిండిపోయేవి. చెల్లెమ్మ, అంటే వాడి భార్య, నాకు చెల్లెలి వరస, కొబ్బరినూనె రాస్తూ తిట్టేది. "పందుల కోసం పెళ్లాం మొహం చూడ్డం మానేసినవాణ్ణి నిన్నే చూశా." "నీ మొహం ఎక్కడుందో తెలుసు కదే. వాటిది వెతుక్కోవాలి."

నాలుగోవారం నన్ను తీసుకెళ్లి, మాట్లాడొద్దని సైగ చేసి, గడ్డి పాయ తీసి చూపించాడు. చూస్తే ఏముంది, ఎండు గడ్డి కుప్ప. బోర్లా పడుకుని చూడమన్నాడు. అప్పుడు కనపడింది. నేలను పళ్లెంలా తవ్వి, గడ్డిని పళ్లతో కొరికి తెచ్చి, పోచలన్నీ ఒకే వైపుకి పరిచి, పైన చూరులాగా కప్పు వేసి ఉంది. ఇటొక వాకిలి, అటొక వాకిలి. కప్పులో కొన్ని పోచలు ఇంకా పచ్చగా ఉన్నాయి.

"ఇవాళ పొద్దున తెచ్చిన గడ్డి," అన్నాడు చెవిలో. "నిండు కడుపుతో ఉంది బావా."

రెండు రోజుల తర్వాత దాన్ని చూశాం. ముసలి పంది. కుడిచెవి సగం లేదు. వెనక కాలు ఈడుస్తూ, నాలుగు అడుగులకొకసారి ఆగి, దేనిమీదో విసుక్కుంటున్నట్టు గుర్రుమంటూ వచ్చింది.

"నడక చూడు, అచ్చం మీ అత్తగారే," అన్నాడు వాడు.

"మీ అమ్మేగా రా!"

"అందుకే చెప్తున్నా. నాకు తెలీదా ఏంటి?"

అప్పట్నుంచి దాని పేరు అత్తగారు. నా పుస్తకంలో ఏడో నంబరు ఆడపంది.

*

మంచె గూటికి వంద అడుగుల దూరంలో వేశాం. తెల్లవారకముందే ఎక్కి ఎండెక్కాక దిగేవాణ్ణి. చెల్లెమ్మ రెండు చిలగడదుంపలు ఉడకబెట్టి గుడ్డలో మూటగట్టి ఇచ్చేది. ఒకరోజు తొక్క తీస్తుంటే ముక్క జారి కింద పడింది. నేను అయ్యో అనుకునేలోపు గడ్డి కదిలింది. అత్తగారు బయటికొచ్చి, చుట్టూ వాసన చూసి, ముక్క నోట కరుచుకుంది. నమిలింది. మింగింది. తల పైకెత్తి మంచెకేసి చూసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఆవిడ పోయేముందు ఎనిమిది నెలలు నేను వండింది ఏదీ ఆమెకి ఇమడలేదు. గంజి కూడా. నోట్లో పెట్టడం, పళ్లెం పట్టుకుని కూర్చోవడం, వెనక్కి వచ్చింది తుడవడం. పెట్టినది తిని, ఇంకా ఉందా అన్నట్టు చూసే ప్రాణి నాకు ఎదురుపడి రెండేళ్లు దాటింది.

రెండో ముక్క నేనే వేశాను.

మర్నాడు చెల్లెమ్మతో, "ఈ మధ్య ఆకలెక్కువైందమ్మా, రెండు దుంపలు ఎక్కువ వెయ్యి," అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. "నాలుగెయ్యనా అన్నయ్యా?" అంది. రెండు చాలన్నాను.

తర్వాత రోజూ పెట్టాను. పొద్దున ఆరూ నలభైకి, ఐదు నిమిషాలు అటూ ఇటూగా, అత్తగారు మంచె కిందికి వచ్చేది. కాలీడ్చుకుంటూ గడ్డలు తవ్వుకోవడానికి చెరువు దాకా పోయే పని తప్పుతోంది కదా అనుకున్నాను. పుస్తకంలో "ఆరూ నలభై. ఏడో నంబరు వచ్చింది. తిన్నది," అని రాశాను. అబద్ధం రాయలేదు. ఏం తిన్నదో రాయలేదు, అంతే.

నాలుగైదు రోజులయ్యాక, సాయంత్రం భోజనాల దగ్గర మా బావమరిది, అడక్కుండానే, వాళ్ల నాన్న కబురెత్తాడు.

"ఉచ్చు ముందు వేసేవాడు కాదు బావా ఆయన. ముందు మేపేవాడు. ఒకే చోట, ఒకే పొద్దుకి, చేతికందింది పెట్టేవాడు. అది మొదట భయపడుతుంది. తర్వాత అలవాటు పడుతుంది. ఇరవై రోజులు ఇంటి పిల్లలకంటే బాగా చూసేవాడు దాన్ని. పేరు కూడా పెట్టేవాడు."

"తర్వాత?"

"ఇరవై ఒకటో రోజు పట్టేవాడు." అన్నం కలుపుతూ అన్నాడు, నా వైపు చూడకుండా. "పరిగెత్తే పందిని పట్టడం కష్టం. ఎదురొచ్చేదాన్ని పట్టడానికేముంది?"

"ఛీ, అన్నం తినేటప్పుడా ఆ మాటలు?" అంది చెల్లెమ్మ.

వాడు కబుర్లకి చెప్పాడనుకున్నాను. నేను పట్టేవాణ్ణి కాదు కదా అని కూడా అనుకున్నాను. మర్నాడు దుంపలు తీసుకునే వెళ్లాను.

*

ఎండలు దంచుతుండగా ఒక వారం అత్తగారు రాలేదు. ఎనిమిదో రోజు వచ్చింది, వెనక నాలుగు పిల్లలతో. ఒక్కొక్కటీ నా పిడికిలంత ఉంది. ఒంటిమీద లేత చారలు. నడవడం ఇంకా సరిగా రాక, తల్లి ఆగినప్పుడల్లా దాని కాళ్లకి గుద్దుకుని పడుతున్నాయి. పదకొండు ఫోటోలు తీశాను. అందులో మూడు బాగా వచ్చాయి.

ఆ పూట మా ఇంట్లో పండగలా ఉంది. చెల్లెమ్మ ఫోటోని వెలుతురుకి పట్టుకుని, "బుడ్డోళ్లు ఎంత ముద్దుగా ఉన్నారో! అత్తగారికి దిష్టి తియ్యాలి," అంది. మా బావమరిది నన్ను వెనకనుంచి ఎత్తి గిరగిరా తిప్పాడు. గడ్డి ఉంటుంది. ఇల్లు ఉంటుంది. వాడు జన్మలో మొదటిసారి పట్టకుండా కాపాడిన పంది అది.

ఇస్త్రీ సారు ఫోటోలు చూశాడు, పుస్తకం తిరగేశాడు. ఒకచోట వేలు ఆగింది.

"రోజూ ఆరూ నలభైకేనా?"

"దాదాపుగా సార్."

"ఒకే చోటికి?"

"అవునండీ."

"అద్భుతం," అన్నాడు. పుస్తకం మూసేశాడు. "అయితే పట్టేద్దాం. ఎండాకాలం. ఎవడో బీడీ పారేస్తే మొత్తం కాలిపోతుంది. ఆవరణలో ఉంటే భద్రం. పైవాళ్లు వస్తే ఫోటో కాదు, ప్రాణంతో చూపిస్తా."

నేను ఏదో గొణిగాను. పిల్లలు చిన్నవని, తొందర వద్దని. మా బావమరిది గొణగలేదు.

"పాలిచ్చే పందిని పెట్టెలో పెడితే తల బాదుకుని చస్తుంది సార్. నేను చూశాను."

"చూశావో, చేశావో?"

"చేశాను. అందుకే చెప్తున్నా."

"నీ అనుభవం మాకు అక్కర్లేదు. పశువుల డాక్టరుగారు ఉంటారు." ఆయన నవ్వి నాకేసి తిరిగాడు. "చూశారా మాస్టారూ, కసాయివాడు వైద్యం చెప్తున్నాడు."

*

చెక్కపెట్టె తెచ్చి మంచె కింద పెట్టారు. లోపల అడుగు తగలగానే వెనక తలుపు పడిపోయే పెట్టె. అందులో మొక్కజొన్నలు పోశారు. మొదటిరోజు అత్తగారు గడ్డి అంచు దాకా వచ్చి, పెట్టెను చూసి, గుర్రుమని వెనక్కి పోయింది. రెండోరోజు అంతే. మూడోరోజు పెట్టె చుట్టూ తిరిగి, వాసన చూసి, మంచె మీదున్న నాకేసి తలెత్తి చాలాసేపు నిలబడింది. నా ఒళ్లో మూట ఉంది. విప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఆఫీసరు చెప్పాడు: రేపు కూడా ఎక్కకపోతే ఎల్లుండి నలభైమంది కూలీలు వస్తున్నారు. వరసగా నిలబడి, డబ్బాలు కొడుతూ, గడ్డి తొక్కుకుంటూ వచ్చి వలలోకి తోలతారు.

"పిల్లలు కాళ్ల కింద పడతాయి సార్," అన్నాను.

"ఒకటో రెండో పోతాయి. తల్లి దొరుకుతుంది కదా?"

నలభైమంది అంటే ఎనభై కాళ్లు. పిల్లలు పిడికిలంత. రాత్రంతా నాకు అదే లెక్క. పెట్టెయితే చప్పుడు లేకుండా అయిపోతుంది, డాక్టరు మందిస్తాడు, తల్లీ పిల్లలూ ఒకచోట ఉంటారు అనుకున్నాను. ఇలాంటివి అనుకోవడంలో నాకు మంచి అలవాటుంది. ఎక్కడ ఏ కాస్త దయ దొరుకుతుందా అని వెతుక్కునే స్వభావం నాది.

తెల్లవారుజామున అందరికంటే ముందు వెళ్లి, పెట్టె లోపలి కొసన రెండు దుంపలు తొక్క తీసి పెట్టి వచ్చాను.

ఆరూ నలభైకి అది వచ్చింది. ఈసారి ఆగలేదు. కాలీడ్చుకుంటూ నేరుగా పెట్టెలోకి నడిచింది.

తలుపు పడిన చప్పుడుకి అందరూ పరిగెత్తుకొచ్చారు. పెట్టె ముందు వైపు ఇనుప జాలీ. అత్తగారు దాన్ని ముట్టెతో ఒకసారి గుద్దింది. వెనక్కి జరిగి మళ్లీ గుద్దింది. ఇక ఆపలేదు. పంది అంత గట్టిగా అరవగలదని నాకు తెలుసు, పుస్తకాల్లో చదివాను. కానీ ఆ అరుపుకి గూటివైపు నుంచి సన్నగా నాలుగు గొంతులు జవాబు చెప్తాయని ఎవరూ రాయలేదు.

డాక్టరు మందు పెట్టె జీపులో ఉంది. జీపు తాళం డ్రైవరు జేబులో ఉంది. డ్రైవరు టీ తాగడానికి వెళ్లాడు.

మా బావమరిది చొక్కా విప్పి జాలీ మీద కప్పాడు. "చీకటైతే కాస్త ఆగుతుంది. ఎవరూ మాట్లాడకండి," అన్నాడు. నిజంగానే గుద్దులు నెమ్మదించాయి. పెట్టెకి చెంప ఆనించి ఏవో చిన్న చిన్న చప్పుళ్లు చేశాడు, గొంతు లోపల్నుంచి, పంది పిల్లకి చేసినట్టు. లోపల అరుపు మూలుగయింది.

"ఆ గుడ్డ తియ్యి," అన్నాడు ఇస్త్రీ సారు. ఆయన చేతిలో కెమెరా ఉంది. "ఒక్క ఫోటో."

"వద్దు సార్."

"తియ్యమన్నానా?"

వాడు తియ్యలేదు. ఆఫీసరే లాగేశాడు. ఫోటో బాగానే వచ్చిందని తర్వాత విన్నాను. డ్రైవరు టీ తాగి వచ్చేసరికి ఇరవై నిమిషాలయింది. అప్పటికి జాలీకి ముట్టె ఆనించి అత్తగారు పడుకుని ఉంది. చెవి తెగినవైపు పైకి ఉంది. ఈగలు ఇంకా రాలేదు.

*

డాక్టరు నోరు తెరిచి చూశాడు. నాలుక కింద నుంచి వేలితో ఒక ముక్క తీశాడు. పసుపుపచ్చగా, మెత్తగా ఉంది.

"దుంప. ఉడికించింది," అన్నాడు. మంచె కింద నేలకేసి చూశాడు. గడ్డి మొలవని, గిట్టలు తొక్కి తొక్కి నున్నగా అయిన చోటు. "ఇది ఒక్కరోజు సంగతి కాదండీ. దీన్ని ఎవరో మేపారు."

అందరి తలలూ ఒకేవైపు తిరిగాయి. నా వైపు కాదు.

"ఎన్ని రోజులు మేపావురా?" అన్నాడు ఆఫీసరు.

మా బావమరిది చొక్కా లేకుండా నిలబడి ఉన్నాడు. పందికేసే చూస్తున్నాడు.

"ఇరవై నాలుగు రోజులు సార్. మధ్యలో ఈనిన వారం పోను."

నేను లెక్కపెట్టుకోలేదు. తర్వాత లెక్కపెడితే సరిగ్గా ఇరవై నాలుగు.

"సార్..." అన్నాను.

"మాస్టారికి తెలీదు సార్," అన్నాడు వాడు. వాడు నన్ను మాస్టారనడం అదే మొదటిసారి. "ఆయన మంచె దిగి వెళ్లాక పెట్టేవాణ్ణి. పట్టుకుని తిందామని. పాత అలవాటు. ఆయన పుస్తకంలో రాసిందంతా నిజమే."

ఆఫీసరు నాకేసి చూశాడు. "మీకు తెలుసా?"

ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఎవరో బీడీ వెలిగించుకున్నారు. తెలీదన్నాను.

"పందులు పట్టేవాణ్ణి తెచ్చి పందులకి కాపలా పెట్టాం. తప్పు మనదే," అన్నాడు డాక్టరుతో. అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. దాన్ని నేను చాలాకాలం నా ఖాతాలో మంచిగా రాసుకున్నాను. తర్వాత ఆఫీసరు వాడితో, "ముందు ఆ పిల్లల్ని వెతికి తెచ్చిపెట్టు. అవి ఎక్కడున్నాయో నీకే తెలుసు. తర్వాత పో. వారంలో క్వార్టర్సు ఖాళీ చెయ్యి," అన్నాడు.

గూటి దగ్గరకి నేనూ వెంట వెళ్లాను. గడ్డిలో ఇద్దరమే అయ్యాక వాడి చెయ్యి పట్టుకున్నాను.

"వెనక్కి పోయి చెప్పేస్తాన్రా."

"చెప్పి?" అన్నాడు వాడు. చెయ్యి విడిపించుకోలేదు, విసుక్కోలేదు. "నువ్వు పెట్టావంటే పుస్తకం చెత్తబుట్టలోకి పోద్ది. దానంతటది బతికిందని ఎవడు నమ్ముతాడు? గడ్డి పోద్ది. నేను పెట్టానంటే నేనొక్కణ్ణే పోతా. నా మాటకి ముందునుంచే విలువ లేదు కదా, పోయేదేముంది?"

"నీకు ముందే తెలుసా?"

"నాలుగోరోజే. మంచె కింద తొక్కలు పడి ఉన్నాయి. రోజూ నువ్వు దిగాక ఏరి పాతిపెట్టేవాణ్ణి." ముందున్న గడ్డి పాయ తీస్తూ, "చెప్పాను కదా బావా, మా నాన్న సంగతి," అన్నాడు.

గూడు దగ్గర కూర్చుని కప్పు నెమ్మదిగా ఎత్తాడు. నాలుగింటికీ ఎర్రచీమలు పట్టాయి. చీమలు ముందు కళ్లకి పడతాయి. ఒకటి అప్పటికే కదలడం లేదు. మిగతా మూడింటినీ ఒక్కొక్కటిగా తీసి, ఉమ్మితో వేలు తడిచేసుకుని, రెప్పల మీద నుంచి చీమల్ని ఒక్కొక్కదాన్నే తీశాడు. వాడి వేళ్లు కుట్టించుకుని ఉబ్బిపోయాయి. మూడింటినీ, వస్తూ చేత పట్టుకొచ్చిన ఆ చొక్కాలోనే చుట్టుకుని, ఆఫీసు వైపు నడిచాడు. నాలుగోదాన్ని నేను పాతిపెట్టాను.

*

మూడింట్లో రెండు బతికాయి. ఆవరణలో ఇటుకల గది కట్టి, దీపం పెట్టి, సీసాతో పాలు పట్టారు. మనిషి అడుగు చప్పుడు వినిపిస్తే చాలు, జాలీ దగ్గరకి పరిగెత్తుకొచ్చేవి.

అవి వచ్చిన ఐదోరోజు కాగితం వచ్చింది. ఇస్త్రీ సారు నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, చదివి వినిపించాడు. గడ్డిపంది జాతి ఇప్పుడు ఆవరణలో భద్రంగా ఉంది, చక్కగా పెరుగుతోంది, కాబట్టి ఇక మైదానం ఖాళీగా ఉంచాల్సిన అవసరం కనపడటం లేదు.

"ఖాళీగా లేదు సార్," అన్నాను. "ఇంకా ఉన్నాయి లోపల. నా పుస్తకంలో గూళ్ల పటం ఉంది."

"పటం చాలా బాగుందని మెచ్చుకున్నారు. అదీ పంపించాను." ఆయన నాకు మంచినీళ్లు ఇప్పించాడు. "మీ ఉద్యోగానికేం ఢోకా లేదు. ఆవరణ మీరే చూసుకోవాలి. రెండు పందులు, ఒక మనిషి. సుఖమైన పని మాస్టారూ."

ట్రాక్టర్లు మర్నాడే వచ్చాయి.

ఆ వారం రోజులూ చెల్లెమ్మ నాకు వేళకి వడ్డించింది. మాట్లాడటం మాత్రం తగ్గించింది. సామాను సర్దుతూ ఒక్కసారి అడిగింది. చీర మడతపెడుతూ, చేతులు ఆపకుండా అడిగింది.

"రెండు దుంపలు ఎక్కువ వెయ్యమన్నారు కదా అన్నయ్యా, ఆకలేస్తోందని?"

"ఊఁ."

"వదిన పోయాక మీకు మళ్లీ ఆకలేసిందని మీ బావమరిదితో కూడా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు." మడత పెట్టిన చీరని పెట్టెలో పెట్టి, అరచేత్తో నొక్కింది. "ఎంత సంతోషించానో ఆ రోజు."

కిటికీలోంచి బయటికి చూశాను. దుమ్ము లేస్తోంది.

వెళ్లే రోజు పొద్దున మా బావమరిది రెండు పెట్టెలూ భుజాన వేసుకుని వాకిట్లో ఆగాడు. మైదానం వైపు తిరిగి ఒకసారి గాలి పీల్చాడు.

"పటం చూసుకుని దున్నుతున్నారు బావా," అన్నాడు. "గూళ్లున్న వైపు నుంచే మొదలెట్టారు. అవి బయటికొస్తే పట్టుకోవచ్చని అనుకుంటున్నారు కాబోలు." కాసేపు చూశాడు. "ఎవడో గట్టిగానే గీశాడు పటం. ఒక్కటీ తప్పలేదు."

దెప్పాడో మెచ్చుకున్నాడో వాడి గొంతులో తెలీలేదు. వంగి నా కాళ్లకి దండం పెట్టబోయాడు, పెట్టెలు బరువై కుదరలేదు. "ఉండు బావా," అన్నాడు. చెల్లెమ్మ నాకేసి చూడకుండా, కొంగు దోపుకుని, వాడి వెనకే నడిచింది. మలుపు తిరిగేదాకా ఇద్దరూ వెనక్కి చూడలేదు. వాళ్లు మలుపు తిరిగాక కూడా ట్రాక్టర్ల చప్పుడు అలాగే ఉంది.

ఇంట్లోకి వచ్చాను. గదులు రెండూ ఊడ్చి ఉన్నాయి. వంటింట్లో అరుగు మీద ఒక గిన్నె మూత పెట్టి ఉంది. చీమలు పట్టకుండా గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టి వెళ్లింది. మూత తీశాను. లోపల దుంపలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. మొదట్లో ఇచ్చినట్టు రెండు కాదు. నాలుగు. అన్నిటికీ తొక్క తీసి ఉంది.

దాని అర్థం ఏమిటో ఇవాళ్టికీ నాకు తెలీదు. ఆమె జాలిపడి పెట్టిందో, మరి దేనికి పెట్టిందో. చిన్న చిన్న దయల్ని ఏరుకుని దాచుకోవడం నా అలవాటని చెప్పాను కదా. దీన్ని ఏ గూట్లో పెట్టాలో తేలక ఇన్నాళ్లూ చేతిలోనే ఉండిపోయింది.

పొద్దున్నించీ ఏమీ తినలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, నాలుగూ తిన్నాను.